చేతికందని చోట

ఆత్రేయపురం పేరు వినగానే ఎవరికైనా పూతరేకులు గుర్తుకు వస్తాయి. 2023వ సంవత్సరంలో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ మిఠాయిని రుచి చూసినవారు అనేకులు. దానిని సిద్ధపరచే పనిముట్టును పరికించినవారు మాత్రం కొందరే. మట్టికుండను బోర్లించి, లోపల ఎండు కొబ్బరాకులతో మంటపెట్టి, పలుచని బియ్యపుపిండి జారులో ముంచిన గుడ్డను కాగిన కుండ వీపుపై ఒక్కమారు పరచి తీస్తారు. క్షణాలలో కాగితం కంటె పలుచనైన రేకు ఏర్పడుతుంది. నీరు నిలువచేసే కుండ ఇక్కడ పెనమైంది. వడపోతకు వాడే గుడ్డ గరిటె అయింది. వస్తువును దాని పేరును బట్టి కాక, అది చేయగల పనిని బట్టి చూడడమే ఇందలి యుక్తి.

ఈ యుక్తి వంటింటికే పరిమితం కాదు. నేడు కోనసీమ గ్రామాలలోనూ అనేక గృహాల ముంగిట కార్లు కనిపిస్తున్నాయి. ఆత్రేయపురంలో ఒక గృహస్థు తన కారు ముందుదీపపు బల్బును తానే మార్చుకోదలచాడనుకుందాం. బల్బు ఖరీదు స్వల్పం. పని కూడా చిన్నదే. అయితే అనేక వాహనాలలో ఆ బల్బును పట్టి ఉంచే తీగ క్లిప్పు దీపం వెనుక ఇరుకులో ఉంటుంది. అక్కడికి చేయి దూరదు, దూరినా కన్ను చూడలేదు, చూచినా వేళ్లకు పట్టు చిక్కదు. ఇటువంటి పనులకు ప్రత్యేక పరికరాలు ఉన్నాయి గాని, ఏడాదికొకసారి చేసే పనికోసం వాటిని కొనుగోలు చేయడం అందరికీ సాధ్యం కాదు. అప్పుడు ఇంటిలోని వస్తువులే ఆదుకుంటాయి.

పనికి పూనుకొనక ముందు మనకు అడ్డుపడుతున్నది ఏదో నిర్ణయించుకోవాలి. అందకపోవడం, కనబడకపోవడం, పట్టు చిక్కకపోవడం అని ఈ అడ్డంకులు ముఖ్యంగా మూడు విధాలు.

చేయి అందని చోటికి సైకిలు చక్రపు స్పోకు చక్కగా పనికివస్తుంది. అది సన్నని ఉక్కు తీగ. కొనను కొక్కెంలా వంచితే తీగ క్లిప్పును లాగడానికి, లోపల చిక్కుకొన్న చిన్న వస్తువులను వెలికితీయడానికి అక్కరకు వస్తుంది. సన్నని మార్గంలోని పాత వైరును తీసి కొత్తది వేయవలసి వస్తే, పాతదానిని లాగక ముందే దాని కొనకు పురికొస కట్టాలి. పాతది వెలుపలికి రాగా పురికొస లోపల నిలుస్తుంది. దానికి కొత్త వైరును కట్టి తిరిగి లాగవచ్చు. లంగాకు నాడా ఎక్కించడానికి పిన్నీసును వాడే తల్లులకు ఈ ఉపాయం కొత్తది కాదు.

కంటికి కనబడని చోట చిన్న అద్దపుముక్కను కర్రకు అంటించి చూడవచ్చు. చేతిఫోనును లోపలికి చాచి ఫోటో తీసుకొంటే మరింత సులభం. ఏదైనా విప్పక ముందు తీసిన ఫోటో, తిరిగి బిగించేటప్పుడు దారి చూపుతుంది. విప్పిన బోల్టులు కలిసిపోకుండా ఒక అట్టపై ఆ భాగం బొమ్మ గీసి, ఏ బోల్టు స్థానంలో దానిని గుచ్చి ఉంచడం కూడా మంచి పద్ధతి.

పట్టు చిక్కని నట్టును సాకెట్టులో పెట్టేటప్పుడు మధ్య చిన్న కాగితపుముక్క ఉంచితే అది బిగుతుగా నిలిచి జారిపడదు. చుక్క గ్రీజు రాసినా అతుక్కుంటుంది. స్క్రూడ్రైవరు కాడకు పాత స్పీకరులోని అయస్కాంతాన్ని తగిలిస్తే మొన ఇనుప స్క్రూను ఆకర్షిస్తుంది. ఇత్తడి, అల్యూమినియం స్క్రూల విషయంలో ఇది ఫలించదు. ప్లాస్టిక్కు అమరికలను ఊడదీయడానికి స్క్రూడ్రైవరు కంటె నునుపుగా చెక్కిన వెదురుచీలిక మేలు. ఉక్కు ప్లాస్టిక్కును గీస్తుంది; వెదురు అంతగా గీయదు.

అయితే యుక్తికి ఒక హద్దు ఉంది. పనిముట్టు విఫలమైతే ఏమి జరుగునో ముందుగా ఊహించుకోవాలి. స్పోకు విరిగితే పని ఆలస్యమవుతుంది. అంతకుమించి నష్టం లేదు. కాని జాకీతో లేపిన కారు కింద ఇటుకలు పేర్చి దూరితే, ఇటుక ముందుగా హెచ్చరించకుండా పగిలి ప్రాణం తీస్తుంది. జాకీ బండిని లేపడానికే గాని, దాని కింద మనిషి పనిచేయడానికి ఉద్దేశించినది కాదు. అందుకు గట్టి ఉక్కు స్టాండ్లు తప్పనిసరి. అదేవిధంగా కాలిపోయిన ఫ్యూజుకు బదులు రాగితీగ చుట్టడం కొందరికి అలవాటు. ఫ్యూజు తాను కరిగి వైర్లను కాపాడుతుంది. లావు తీగ కరగదు కనుక వైర్లే కాలి మంటలు చెలరేగవచ్చు. బ్రేకుల విషయంలో తాత్కాలిక ఉపాయమన్నది పనికిరాదు. బ్యాటరీని విప్పేటప్పుడు ముందుగా రుణధ్రువపు వైరునే తీయాలి. కారు లోహపు దేహం ఆ ధ్రువంతో కలిసి ఉంటుంది గనుక, ఈ క్రమం తప్పితే పానా దేహానికి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి.

ప్రాణాలు పణంగా ఉన్న చోట కూడా యుక్తి గెలిచిన సందర్భం ఒకటి చరిత్రలో ఉంది. 1970 ఏప్రిలులో అపోలో 13 నౌకలో ఆక్సిజన్ ట్యాంకు పేలగా, ముగ్గురు వ్యోమగాములు చంద్రునిపై దిగవలసిన చిన్న నౌకను ఆశ్రయించారు. వారి శ్వాసలోని బొగ్గుపులుసు వాయువును తొలగించే చతురస్రాకారపు డబ్బాలు ఆ చిన్న నౌకలోని గుండ్రని అమరికకు సరిపోలేదు. భూమిపైనున్న ఇంజనీర్లు నౌకలో లభించే ప్లాస్టిక్కు సంచులు, అట్టలు, గొట్టాలు, అంటుపట్టీలతోనే ఒక సాధనాన్ని రూపొందించి, తాము పరీక్షించి చూచిన పిమ్మటనే దానిని తయారుచేసే విధానాన్ని వ్యోమగాములకు వినిపించారు. ఏప్రిల్ 17న ముగ్గురూ క్షేమంగా భూమిని చేరారు. అక్కడ వేరే సాధనం లేదు. అందుకే పరీక్ష అత్యవసరమైంది. మన ఇంటి ముంగిట అటువంటి నిస్సహాయత లేదు. మెకానిక్కు సమీప పట్టణంలోనే ఉంటాడు.

‘ఆడలేక మద్దెల ఓడు’ అన్నారు పెద్దలు. పనిముట్టు లేదని పనినే విడిచిపెట్టడం ఆ సామెతకు తగిన ఉదాహరణ. చేతికి దొరికినదానితో ప్రతి పనికీ సిద్ధపడడం అంతకంటె పెద్ద పొరపాటు. బోర్లించిన కుండపై రేకు తీసే స్త్రీకి మంట ఎంత ఉండాలో, చేయి ఎప్పుడు తీయాలో తెలుసు. ఆ తెలివిడి ఉన్నందువల్లనే కుండ ఆమెకు పెనమైంది.