ధర పలుకు, దివాణపు టుత్తరువు

ఆర్థిక వ్యవస్థను నడపవలసినది అంగడి ధరయా, ప్రభుత్వ ప్రణాళికయా యను వివాదము గ్రంథములలో పుట్టినదే యైనను, దాని తీర్పు పలుమారులు బియ్యపు కొట్టు ముందరనే వెలువడినది. ఉత్పత్తి సాధనములకు అంగడి ధర లేనిచో ఏ పని లాభమో, ఏది నష్టమో గణించుటయే పొసగదని 1920 లో మీజెస్ వాదించెను. ఎచ్చట నేమి కొరవడినదో వేల జనుల యెరుకలో చెదరి యుండును, ఒక్క కార్యాలయమున కెన్నడును చేరదు, ధరయే దానిని చేరవేయునని 1945 లో హాయక్ చూపెను. సోవియట్ దేశమున ధాన్యముకంటె రొట్టె చౌక యగుటచే ప్రజలు పశువులకు రొట్టె మేపగా, దానిని నిషేధించుటకు క్రుశ్చేవ్ కాలమున శాసనమే కావలసి వచ్చినది!

మనకీ పాఠము రేషను కార్డులతో వచ్చినది. యుద్ధకాలపు నియంత్రణములో మదరాసు రాష్ట్రపు రైతు తన మిగులు ధాన్యమును సర్కారు నిర్ణయించిన ధరకు అప్పగింపవలసి యుండెను. అనుమతిపత్రము లేక బస్తా జిల్లా దాటరాదు. కృష్ణా గోదావరీ మండలములలో పంట, మలబారులో కొరత. నడుమ ఉద్యోగి సంతకము. నిజమైన ధర నల్లబజారులో మాత్రము పలుకుచుండెను, అదియు గుసగుసగా.

గాంధీమహాత్ముని ప్రబోధముపై 1947 డిసెంబరులో ఆహార నియంత్రణమును సడలించిరి. ధరలు పైకెగసినవి, 1948 ముగియక మునుపే కట్టుబాట్లు మరల వచ్చినవి. 1952 జూనులో రాజాజీ మదరాసున వాని నెత్తివేయగా, పలువురు భయపడినట్లు ధరలు మండలేదు. ఒకే మందు ఒకసారి వికటించి, మరియొకసారి పనిచేయుటకు కారణమేమి? మొదటిసారి దేశవిభజన కల్లోలము, యుద్ధకాలమున ముద్రించిన నోట్ల వెల్లువ, సర్కారు చేతిలో చాలని నిలువలు. రెండవసారి దిగుమతి ధాన్యపు నిలువ, అప్పటికే తగ్గుముఖము పట్టిన సాధారణ ధరలు. ఈ భేదమును విస్మరించి నియంత్రణ వాదులు 1948 ని, స్వేచ్ఛా వ్యాపార వాదులు 1952 ని మాత్రమే ఉదాహరించుట మాకు వింతగా తోచుచున్నది. 1973 లో గోధుమ టోకు వర్తకమును స్వాధీనము చేసికొన్న కేంద్ర ప్రభుత్వము మరుసటి యేడే దానిని విడిచిపెట్టిన సంగతియు మరువదగినది కాదు.

అయినను ధరకు సర్వాధికార మిచ్చువారిని మేము వంగదేశమువైపు చూడుమందుము. 1943 మార్చిలో అచ్చట బియ్యపు ధరపై కట్టడిని తొలగించిరి; మే నెలలో తూర్పు రాష్ట్రముల నడుమ వర్తకమును స్వేచ్ఛగా విడిచిరి. ధర తన వార్తను చక్కగనే చాటినది. బియ్యము డబ్బున్న చోటికి పోయినది. కూలివాడు, జాలరి పల్లెలలో ఆకలిచే మడిసిరి. విచారణ సంఘము మృతులను పదునైదు లక్షలని అంచనా వేసినది. తరువాతి పరిశోధకులు ముప్పది లక్షల వరకు చెప్పుచున్నారు. చేత కాసు లేనివాని ఆకలి ఏ ధరలోను వినబడదు.

కావున ధాన్యమును కదలించు పని ధరకు విడువవలెను. గిడ్డంగిలో నిలువయు, నిరుపేద చేతికి కూలియు సమకూర్చు పని సర్కారు వహింపవలెనని మా యభిప్రాయము. 1952 లో మదరాసున రేషను తొలగుచున్న దినములలోనే రాయలసీమ క్షామమున సర్కారు గంజి కేంద్రములను నడిపెను. సైనికులు ఎండిన బావులను లోతుచేసిరి. ఆ పనికి ఏ వర్తకుడును పూనుకొనలేదు. అందు వర్తకుని దోషము లేదు. అచ్చట కొనగలవాడే లేడు.