సున్నిపిండి: తయారీ, వాడుక

సున్నిపిండి అన్నా, నలుగుపిండి అన్నా ఒకటే. 1860 మొదలు మద్రాసు రేవునుండి నటాల్ చెరకు తోటలకు వచ్చిన మన పెద్దలు పెండ్లికి ముందు నలుగు పెట్టే ఆచారాన్ని వెంట తెచ్చుకొన్నారు. ఆ పిండిని ఇంట్లో చేసుకొనే విధం తెలుసుకుందాం.

కావలసినవి: పెసలు 2 కప్పులు, బియ్యం పావు కప్పు, పసుపు 1 చిన్న చెంచా.

పెసలు, బియ్యం బాగా ఎండబెట్టి, మెత్తగా విసిరి, పలుచని గుడ్డలో జల్లించవలెను. పసుపు కలిపి, తడిలేని సీసాలో పోసి మూత బిగించవలెను.

స్నానానికి ముందు ఒంటికి నువ్వులనూనె రాసుకొని, కొంతసేపటికి గుప్పెడు పిండిని నీటితో కలిపి మెల్లగా రుద్దుకోవలెను. పిండి నూనెను, దానితోపాటు మురికిని పీల్చుకొంటుంది. తడిపిన పిండి మిగిలితే పారవేయండి; దానిలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. మొదటిసారి వాడేవారు మోచేతి లోపలివైపు కొంచెం రాసి ఒకరోజు చూడవలెను. పుండ్లమీద వాడరాదు. కొందరు బావంచాలు కలుపుతారు, అవి వద్దు. వాటిలోని సోరాలెన్ అంటిన చర్మానికి ఎండ తగిలితే బొబ్బలెక్కవచ్చు.

ముఖ్యమైన మాట ఒకటి. నలుగు ఒంటిని శుభ్రం చేస్తుంది, రంగు మార్చదు. తెల్లబడాలన్న ఆశతో హైడ్రోక్వినోన్ లేపనాలు పూసుకొని ఎందరో చర్మం పాడుచేసుకొన్నారు. 1990లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం అటువంటి సౌందర్య లేపనాలను నిషేధించింది. అయినా దొంగచాటుగా అమ్ముడుపోతూనే ఉన్నాయి. కనుక నలుగు పెట్టేటప్పుడు "పిల్ల తెల్లబడింది" అనకండి. "పిల్ల కళకళలాడుతోంది" అనండి. పక్కన నిలబడి చూసే చిన్నపిల్లలు ఆ మాటే నేర్చుకొంటారు.