ఆట అందరిదైతే అలుసా?

సాయంసమయాన పుదుచ్చేరిలో మట్టినేల మీద ఉక్కుగుండ్లు ఒకదానికొకటి తాకే చప్పుడు వినవస్తుంది. ఫ్రెంచివారి పాలన నాటి నుంచి ఆ పట్టణంలో నిలిచిన పెటాంక్ అనే ఆట అది. నేలపై గీసిన చిన్న వలయంలో పాదాలు కదపకుండా నిలబడి, దూరాన ఉన్న చిట్టి కొయ్యబంతికి వీలైనంత చేరువగా గుండును విసరాలి. వృద్ధులు సైతం హాయిగా ఆడవచ్చు.

అదే వేళకు సముద్రతీరాన కూర్చున్నవారి చేతుల్లో మరొక ఆట సాగుతుంటుంది. గృహిణులు, గుమాస్తాలు, విద్యార్థులు సెల్‌ఫోను తెరపై రంగుల మిఠాయిలు జోడిస్తూ ఉంటారు. వీడియో ఆటల్లో ఆరితేరినవారికి ఇది మింగుడుపడదు. నూరుసార్లు ఓడి నేర్చుకోవలసిన విద్య కాలక్షేపంగా దిగజారిందని వారి ఆవేదన.

ఈ ఆవేదన నిన్నటిది కాదు. 1990లో విండోస్ 3.0తో వచ్చిన సాలిటేర్ పేకాట ఆఫీసు బల్లలనే ఆటస్థలాలుగా మార్చింది. 2006లో నింటెండో సంస్థ తెచ్చిన ‘వీ’ యంత్రం, చెయ్యి ఊపగలిగిన ప్రతివారినీ ఆటగాళ్ళను చేసింది. 2012లో క్యాండీ క్రష్ సెల్‌ఫోనులోకి ప్రవేశించింది. ప్రతిసారీ పాతకాపులు పెదవి విరిచారు.

పెటాంక్ పుట్టుకే వారికి తగిన సమాధానం. 20వ శతాబ్ది తొలి ఏళ్ళలో దక్షిణ ఫ్రాన్సులోని లా సియోటా పట్టణంలో జూల్ లెన్వార్ అనే ఆటగాడుండేవాడు. అక్కడి పాత ఆటలో ఎదుటి గుండును కొట్టాలంటే మూడంగల పరుగు తీయాలి. కీళ్ళవాతం అతణ్ణి ఆటకు దూరం చేసింది. అతని కోసం నియమమే మారింది: పరుగు పోయింది, దూరం తగ్గింది. ‘పాదాలు నాటుకొని’ అనే అర్థం గల మాటే ఆ ఆటకు పేరయింది.

మరి పాత ఆట అంతరించిందా? లేదు. దాన్ని నేటికీ ఆడుతున్నారు. కొత్త ఆట నైపుణ్యం లేనిదయిందా? అదీ లేదు. 1959లోనే పెటాంక్‌కు ప్రపంచ పోటీలు మొదలయ్యాయి. వీడియో ఆటల సంగతీ అంతే. కఠినమైనదని పేరుపడిన ‘ఎల్డెన్ రింగ్’ 2022 ఫిబ్రవరిలో విడుదలై, నెల తిరగకముందే 1 కోటి 20 లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. అష్టాచెమ్మా ఉన్నంత మాత్రాన చదరంగం చిన్నబోలేదు కదా!

అయితే ఆందోళనకు తావే లేదా? ఉంది. కాని అది వేరొకచోట ఉంది. క్యాండీ క్రష్‌లో ఆటగాడికి అయిదు ప్రాణాలుంటాయి. అవి అయిపోతే ఒక్క ప్రాణం కోసం అరగంట వేచి ఉండాలి, లేదా సొమ్ము చెల్లించాలి. ఆట సులభమైనందువల్ల కాదు, ఆటగాడి అసహనమే సరుకైనందువల్ల చిక్కు వచ్చింది. డబ్బు గెలుస్తామనే ఆశతో సొమ్ము ఒడ్డే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో మన పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది. కాని ప్రాణం కొనుక్కోవడం పందెం కాదు. అక్కడ ఎవరి విచక్షణే వారికి దిక్కు.

పెటాంక్‌లో ఒక పక్షానికి 13 పాయింట్లు రాగానే ఆట ముగుస్తుంది. గెలిచినవారూ ఓడినవారూ గుండ్లు తుడుచుకొని ఇంటిదారి పడతారు. చేతిలోని ఆటకు ఆ పదమూడో పాయింటు లేదు. దాన్ని ఎవరికి వారే నిర్ణయించుకోవాలి.