గంధకంలోని వైరుధ్యం

జూబ్లీహిల్స్‌లోనో ఫిలింనగర్‌లోనో షూటింగు జరిగేటప్పుడు కెమెరా వెనక ఇటుకలాంటి బ్యాటరీ ఒకటి తగిలించి ఉంటుంది. ప్రేక్షకుడికి అది కనిపించదు. తెరమీది వెలుగే కనిపిస్తుంది. శాస్త్రం గురించి రాసేటప్పుడు మనమూ చాలావరకు ఆ ప్రేక్షకుల్లాగే ఉంటున్నాం. బ్యాటరీని రేపటి స్వచ్ఛతకు ప్రతీకగా వాడటం తేలిక. దాని లోపలి పదార్థం తెలియకపోతే ఆ ప్రతీక వట్టి అలంకారంగా మిగులుతుంది.

ఆ బ్యాటరీ లిథియం అయాన్ రకానికి చెందినది. 1991లో సోనీ సంస్థ దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. ఇందులో రెండు ధ్రువాలు, వాటి మధ్య ఎలక్ట్రోలైట్ అనే ద్రవం ఉంటాయి. లిథియం అయాన్లు ఆ ద్రవం గుండా ఒక ధ్రువం నుంచి మరో ధ్రువానికి పోతాయి. చార్జి చేస్తే వెనక్కి వస్తాయి. చిక్కల్లా ఆ ద్రవానికి మండే గుణం ఉండటమే. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో ఒక ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచాయి. పొగ పైనున్న లాడ్జిని కమ్మేసి ఎనిమిది మంది చనిపోయారు. నిప్పు ఏ కారణంగా పుట్టినా, బ్యాటరీలు పేర్చి ఉన్నచోట ఈ ద్రవం దానికి ఆజ్యమే అవుతుంది.

అందుకే ద్రవానికి బదులు ఘనపదార్థాన్ని పెట్టే ప్రయత్నం సాగుతోంది. గట్టి పదార్థంలో అయాన్లు నడవడం ఎలా? 2011లో జపాన్ శాస్త్రవేత్త ర్యోజీ కన్నో బృందం లిథియం, జెర్మేనియం, భాస్వరం, గంధకం కలిసిన ఒక సల్ఫైడును ప్రకటించింది. గది ఉష్ణోగ్రతలో దాని వాహకత సెంటీమీటరుకు 12 మిల్లీ సీమెన్స్, అంటే ద్రవాలకు తీసిపోనంత. కారణం గంధకం స్వభావంలోనే ఉంది. ఆక్సిజన్ అయాన్ కన్నా గంధకపు అయాన్ పెద్దది, మెత్తనిది. లిథియాన్ని గట్టిగా పట్టి ఉంచదు. ఆ మెత్తదనం వల్లనే సల్ఫైడు పొడిని కొలిమిలో కాల్చకుండా, అదిమితే చాలు, బిళ్లగా అతుక్కుంటుంది.

వైరుధ్యం కూడా అక్కడే ఉంది. గాలిలోని తేమ తగిలితే చాలు, ఈ సల్ఫైడ్లు విచ్ఛిన్నమై హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పుడుతుంది. అది కుళ్లిన కోడిగుడ్ల కంపు కొట్టే విషవాయువు. గాఢత పెరిగితే వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. అంటే హెచ్చరికే మాయమవుతుంది. కాబట్టి ఈ పదార్థాన్ని తేమ లేని గదుల్లోనే తయారుచెయ్యాలి. మంట ముప్పు పూర్తిగా పోదు గాని, వాడేవాడికి చాలా తగ్గుతుంది. తయారుచేసేవాడి తలమీదికి విషవాయువు ముప్పు కొత్తగా వస్తుంది. దాన్ని ఆపే గది గోడలకు, గాలిని ఆరబెట్టే యంత్రాలకు, వాయువును పసిగట్టే పరికరాలకు యజమాని డబ్బు ఖర్చుపెట్టాలి. పొదుపు చేస్తే దాని మూల్యం కార్మికుడి ఊపిరితిత్తులు చెల్లిస్తాయి.

2023 అక్టోబరులో టొయోటాతో చేయి కలిపి, 2027-28 నాటికి ఇలాంటి బ్యాటరీలు తెస్తామన్న ఇదెమిత్సు ఒక చమురు కంపెనీ. చమురు శుద్ధిలో మిగిలే గంధకమే దాని ముడిసరుకు. పాత పెట్టుబడి కొత్త వేషంలో వస్తున్నదని దీన్నిబట్టి గ్రహించవచ్చు. మన దగ్గర కూడా 2023 మేలో మహబూబ్‌నగర్ దగ్గరి దివిటిపల్లిలో లిథియం బ్యాటరీల కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. రేపు ఏ రకం బ్యాటరీ తయారైనా అక్కడ పనిచేసేది మన పల్లెల పిల్లలే.

ఈ విజ్ఞానాన్ని ద్వేషించడం అభ్యుదయం కాదు. మంటల్లో మనుషులు చావకుండా చూసేది ఆ విజ్ఞానమే. అయితే బ్యాటరీ మీద కథ రాసే రచయిత తేమ లేని ఆ గదిలోకి కూడా వెళ్లాలి. లోపల గాలిని ఎవరు కొలుస్తున్నారో, ఎవరు పీలుస్తున్నారో అడగాలి.