పచ్చికకు సెలవు... బొక్కెనాకుకు చోటు!

కొత్త ఇల్లు కట్టారు. ముందు కాస్త జాగా మిగిలింది. అందులో పచ్చటి తివాచీలా గడ్డి పరిస్తే ఆ అందమే వేరు కదూ! నిజమే. కానీ మే నెలలో దానికి నీళ్లెవరు పోస్తారు?

ప్రొద్దుటూరు పక్కనున్న రాజుపాలెం మండలాన్నే తీసుకోండి. కుందూ నది, కేసీ కాలువ, నల్లరేగడి పొలాలు... సీమలో ఇంతకన్నా నీటి భాగ్యం ఉన్న ఊళ్లు తక్కువే. అయినా కడప జిల్లాలో ఏడాదికి కురిసే వాన సగటున 700 మిల్లీమీటర్లు. కాలువకు నీళ్లు ఆగాయంటే ఇక బోర్లే దిక్కు. ఏడాది పొడవునా చిరుజల్లులు పడే ఇంగ్లండులో పుట్టిన ముచ్చటను ఇక్కడి ఎండకు తెచ్చి పెట్టుకుంటే ఏమవుతుంది?

చిన్న లెక్క వేద్దాం. సెంటు జాగా అంటే సుమారు 40 చదరపు మీటర్లు. మండు వేసవిలో పచ్చిక పచ్చగా నిలవాలంటే రోజుకు 5 మిల్లీమీటర్ల తడి కావాలనుకున్నా, సెంటుకు 200 లీటర్లు! 2019లో మొదలైన జల్‌జీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు చొప్పున అందించాలని పెట్టుకుంది. అంటే ఇంటి ముందు సెంటు పచ్చిక దాదాపు నలుగురు మనుషుల నీళ్లు తాగేస్తోందన్నమాట. దీనికి తోడు కొరియన్ గడ్డి, మెక్సికన్ గడ్డి అంటూ నర్సరీ నుంచి తెచ్చే ఖర్చు, కోత, ఎరువు, కలుపు. పైగా నల్లరేగడి ఎండితే నెర్రెలు విచ్చుతుంది. పైపైన వేళ్లుండే గడ్డికి అది ఇంకా కష్టం.

మరి ఇంటి ముందు మట్టే మిగలాలా? అక్కర్లేదు. ఒకసారి కాలువ గట్టు మీదికో, చెరువు ఒడ్డుకో వెళ్లి కిందికి చూడండి. నేలకు అంటుకుపోయి పాకుతూ, అంచున రంపపు పళ్లలాంటి గాట్లున్న చిన్న ఆకులతో, ముక్కుపుడకంత తెల్లటి పూల గుత్తులతో ఒక మొక్క కనిపిస్తుంది. అదే బొక్కెనాకు. ఆయుర్వేదంలో జలపిప్పలి. శాస్త్రవేత్తలు ఫైలా నోడిఫ్లోరా అంటారు. పాత పుస్తకాల్లో లిప్పియా అని ఉంటుంది. మనం చెప్పులతో తొక్కుకుంటూ పోయే ఈ మొక్కనే జపాన్ వాళ్లు నెత్తిన పెట్టుకున్నారు! ఉత్సునోమియా విశ్వవిద్యాలయంలో దీని నుంచే విత్తనం పట్టని రకాన్ని తయారుచేసి కురాపియా అని పేరు పెట్టారు. నీటి కరవుతో పచ్చికలు పీకేస్తున్న కాలిఫోర్నియా వాళ్లు దాన్ని కొని నాటుకుంటున్నారు.

దీని బలమంతా కణుపుల్లో ఉంది. తీగ పాకిన చోటల్లా కణుపు దగ్గర వేరు దిగుతుంది. అందుకే మట్టిని గట్టిగా పట్టుకుంటుంది, కాళ్ల కింద నలిగినా మళ్లీ లేస్తుంది. వేరు కుదిరాక వేసవిలో వారానికో తడి ఇస్తే సరిపోతుంది. అదీ అందకపోతే ఆకు రంగు తగ్గి మొహం వేలాడేస్తుందిగానీ, వాన పడగానే చిగురిస్తుంది. యంత్రంతో కోసే పనే ఉండదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు కొడవలి ఆడిస్తే చాలు. రెక్కల మీద నెమలికళ్లలాంటి మచ్చలున్న పీకాక్ ప్యాన్సీ సీతాకోకచిలుక గుడ్లు పెట్టే మొక్కల్లో ఇదీ ఒకటి.

అయితే తొందరపడి పాత గడ్డి మీదే నాటితే శ్రమంతా వృథా. గరిక, తుంగ మళ్లీ పైకొచ్చి దీన్ని మింగేస్తాయి. మన ఎండనే పనిలో పెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో నేలను తడిపి, పల్చటి ప్లాస్టిక్ పట్టా కప్పి, అంచులు మట్టితో మూసి ఐదారు వారాలు వదిలేయండి. ఆ వేడికి చాలా వరకు కలుపు మాడిపోతుంది. తుంగగడ్డలు మాత్రం మొండివి, తవ్వి ఏరాల్సిందే. వానలు మొదలయ్యాక కణుపులున్న తీగ ముక్కలు అడుగుకొకటి చొప్పున నాటాలి. నేల పూర్తిగా కమ్ముకునేదాకా, అంటే మొదటి రెండు మూడు నెలలు, తడీ కలుపూ చూసుకోక తప్పదు.

చిక్కులూ ఉన్నాయి. చెట్టు నీడలో ఇది పల్చబడిపోతుంది. పిల్లలు రోజూ క్రికెట్ ఆడే చోట నిలవదు. పూలకు తేనెటీగలొస్తాయి కాబట్టి పసిపిల్లలు వట్టి కాళ్లతో తిరిగితే కుట్టే ప్రమాదం ఉంది. హద్దు లేకపోతే పూలమడుల్లోకీ పాకుతుంది, చుట్టూ ఇటుకలు దిగేయాలి. దీని దక్షిణ అమెరికా చుట్టం ఫైలా కానెసెన్స్‌ను ఆస్ట్రేలియాలో తోటల కోసం తెచ్చుకుంటే మరే-డార్లింగ్ నదుల వరద మైదానాల్లో పడి పచ్చిక బయళ్లనే ఆక్రమించింది. కాబట్టి ఎక్కడి నుంచో తెప్పించవద్దు. మన గట్టు మీది మొక్క మన నేలది. ఒక బుట్టెడు తీగలు చాలు, పైసా ఖర్చు లేదు. మొదట గేటు పక్కన మంచమంత చోట వేసి, ఒక వేసవి గడిచాక మిగతా జాగా సంగతి చూసుకోవచ్చు.