పాలు పితికాకే పాఠాలు!

కళాశాల విద్యార్థి అనగానే పుస్తకాల సంచి, తరగతి గది, పరీక్షలు గుర్తుకొస్తాయి. అమెరికాలోని డీప్ స్ప్రింగ్స్ కళాశాల తీరు వేరు. అక్కడ ఆవుల పని అప్పగించిన విద్యార్థి చీకటి ఉండగానే లేచి కొట్టంలోకి నడవాలి. పాలు పితికి వంటశాలకు చేర్చిన తర్వాతే పాఠాలు.

ఎడారి లోయలో..

కాలిఫోర్నియా తూర్పు కొసన, నెవాడా సరిహద్దుకు చేరువలో, కొండల నడుమ ఉన్న ఎడారి లోయలో 1917లో ఈ కళాశాల వెలిసింది. స్థాపకుడు ఎల్.ఎల్.నన్ విద్యుత్ రంగ వ్యాపారి. 1891లో కొలరాడోలోని ఏమ్స్ జలవిద్యుత్ కేంద్రం నుంచి గనికి ఏసీ విద్యుత్తు అందించి పేరు గడించారు. తన కేంద్రాల్లో పనిచేసే యువకులకు అక్కడే చదువు చెప్పించారు. ఆ అనుభవమే ఈ కళాశాలకు పునాది. మన దేశంలో గాంధీజీ 1937లో వార్ధాలో ప్రతిపాదించిన నయీ తాలీమ్‌లోనూ పనే చదువుకు కేంద్రం. అయితే అది పల్లె పిల్లలందరి కోసం ఉద్దేశించినది. నన్ మాత్రం ఏరికోరి ఎంచుకున్న కొద్దిమందినే తీర్చిదిద్దాలనుకున్నారు. నేటికీ అక్కడి విద్యార్థుల సంఖ్య 30కి అటూ ఇటుగానే ఉంటోంది.

వారానికి 20 గంటలు

ప్రతి విద్యార్థీ వారానికి కనీసం 20 గంటలు పనిచేయాలి. పశుగ్రాసం సాగు, నీటి తడులు, పశువుల మేత, తోటపని, వంట, అంట్లు తోమడం వంటివన్నీ ఇందులో ఉంటాయి. ఎవరికి ఏ పనో విద్యార్థులు తమలోంచి ఎన్నుకున్న ఒకరు నిర్ణయిస్తారు. బోధనకు రుసుము లేదు. భోజన, వసతులూ ఉచితమే. అలాగని ఈ పని ఫీజుకు బదులని భావించరాదు, అది చదువులో భాగం. పాఠం చదవకపోతే నష్టం ఆ ఒక్కరికే. ఆవు పాలు పితకకపోతే పొదుగు వాస్తుంది, అందరి ఫలహారానికీ పాలుండవు. పాడి ఉన్న ఇళ్లలో ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. చదివేదే పొలం పని తప్పించుకోవడానికన్న మన తల్లిదండ్రులకు మాత్రం ఈ పద్ధతి వింతగా తోచవచ్చు.

తోటివారే న్యాయ నిర్ణేతలు

కొత్త విద్యార్థుల ఎంపికలో, అధ్యాపకుల నియామకంలో, ఏయే పాఠాలు చెప్పాలన్న విషయంలో విద్యార్థుల కమిటీలదే ప్రధాన పాత్ర. ధర్మకర్తల మండలిలోనూ వారికి ఓటు ఉంది. మద్యం, మత్తుపదార్థాలు నిషిద్ధం. పాఠాలు సాగే రోజుల్లో తగిన కారణం లేకుండా లోయ దాటరాదు. వీటన్నిటికంటే కఠినమైనది మరొకటుంది. మొదటి ఏడాది ముగిశాక ఆ విద్యార్థిని రెండో ఏటికి తిరిగి పిలవాలా వద్దా అన్నది తోటి విద్యార్థులే తేలుస్తారు. పక్క మంచం మీద పడుకునే మిత్రుడి బాగోగులను ముఖం మీదే చెప్పాలి, తన గురించి అతను చెప్పేదీ వినాలి. ఇరవై ఏళ్లు నిండని వారికి కొట్టం శుభ్రం చేయడం కన్నా ఇదే బరువైన పని.

శతాబ్దం తర్వాత యువతులు

నూరేళ్లపాటు ఇది యువకుల కళాశాలే. యువతులనూ చేర్చుకోవాలని 2011లో ధర్మకర్తలు తీర్మానించగా, స్థాపకుడి ట్రస్టు పత్రానికి అది విరుద్ధమంటూ వివాదం న్యాయస్థానాలకెక్కింది. చివరకు కళాశాలకు అనుకూలంగా తీర్పు రావడంతో 2018 వేసవిలో తొలి విద్యార్థినులు లోయలో అడుగుపెట్టారు. వారికీ అవే పనులు, అదే కొట్టం. కోర్సు రెండేళ్లే. ఆపై ఎక్కువమంది ఇతర విశ్వవిద్యాలయాల్లో చేరి డిగ్రీ పూర్తిచేస్తారు.