రాకెట్టు ముక్కునకు రంగు

మదనపల్లె మార్కెట్టునకు వచ్చు టమాటాపై నీటిచుక్క నిలువక జారిపోవును. తొక్కపై మైనము వంటి పొర యుండుటయే దీనికి కారణము. కాగితపు గొట్టము, ప్లాస్టిక్కు ముక్కు గల నమూనా రాకెట్టునకు రంగు వేయువారికిని ఇట్టి చిక్కే ఎదురగును. అచ్చునుండి సులువుగా ఊడివచ్చుటకై పూసిన నూనె ఆ ముక్కుపై మిగిలియుండవచ్చును. కావున మొదట దానిని సబ్బునీటితో కడిగి ఆరబెట్టవలెను.

నూనె పోయినను నునుపు పోదు. కుప్పము ప్రాంతపు గ్రానైటులో మెరుగుపెట్టిన పలకకంటె గరుకురాయియే రంగును గట్టిగా పట్టును. అందువలన ప్లాస్టిక్కును సన్నని ఉప్పు కాగితముతో రుద్దుదురు. పిదప ప్రైమరు, అనగా తొలిపూత. పుంగనూరు పల్లెలలో గోడకు ముందు సున్నము కొట్టుట వంటిదే ఇది. కొన్ని రంగులలోని థిన్నరు పాలిస్టైరీను ప్లాస్టిక్కును కరగించును గనుక, పనికిరాని ముక్కపై ముందు పరీక్షించుట మేలు. పూతలు పలుచగా రెండు మూడు వేయవలెను. మందపుపూత కారును, బరువును పెంచును. కార్తికపు ముసురులో చల్లిన రంగు తెల్లబారుటయు కలదు.

అన్నిటికంటె జాగ్రత్త వహింపవలసినది ముక్కు క్రింది మెడ విషయమున. అది గొట్టములో దూరియుండు భాగము. పైకెగిరిన పిమ్మట మోటారులోని చివరి మందు అంటుకొని, ఆ వాయువు ముక్కును నెట్టివేసిననే పారాచూటు వెలువడును. మెడకు వెంట్రుకవాసి రంగు చేరి బిగుసుకొన్నచో ముక్కు ఊడదు. రాకెట్టు తలక్రిందుగా వచ్చి నేలను పొడుచును. అందుచేత మెడకు అంటుపట్టీ చుట్టి రంగు వేయుదురు. ఎగురవేయుటకు ముందు ముక్కును వ్రేళ్లతో లాగి చూతురు. అది తేలికగా రావలెను, కాని తలక్రిందులు చేసినంతనే జారిపడరాదు.